రెండో ప్రపంచ యుద్ధం అటు ఐరోపాలో, ఇటు పసిఫిక్‌లో: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్‌కి చదివేవాళ్ల దగ్గర్నుంచి, ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పిన మాట పట్టుకుని ఆరా తీసేవాళ్ల దాకా, ఈ యుద్ధం గురించి అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఒకచోటికే వస్తాయి. భూగోళానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉన్న రెండు రంగాల్లో ఒకే యుద్ధం ఎలా నడిచింది? నా జవాబులు సగానికి సగం ఓడల దగ్గరికి వెళ్లి ఆగుతాయి. ట్యాంకులు, సేనానుల కథలు కావాలనుకుని వచ్చినవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇది ఒక యుద్ధమా, రెండు యుద్ధాలా?

జర్మనీ, జపాన్ల వైపు నుంచి చూస్తే రెండు. ఎవరి గొడవ వాళ్లది. బ్రిటన్, అమెరికాల వైపు నుంచి చూస్తే మాత్రం ఒకటే, ఎందుకంటే జేబు ఒకటే. అట్లాంటిక్‌కి పంపిన ఓడ పసిఫిక్‌లో ఉండదు. ఇటలీలో దించిన లారీ బర్మాలో దొరకదు. వాషింగ్టన్‌లో రెండు దేశాల సైనికాధిపతులు కలిసి కూర్చునే ఉమ్మడి సంఘం ఒకటి 1942 మొదట్లో ఏర్పడింది. ఆ తర్వాత మూడున్నరేళ్లు అక్కడ జరిగిన వాదనలన్నీ దాదాపు ఒక్కటే: ఉన్నది ఇంత, అటు ఎంత, ఇటు ఎంత?

1939లో మొదలైందని చదువుకున్నాం. 1937 అని కూడా అంటున్నారు. ఏది సరి?

రెండూ సరైనవే. బీజింగ్ దగ్గర మార్కో పోలో వంతెన వద్ద 1937 జులై 7న చైనా, జపాన్ల మధ్య పోరు మొదలై, ఎనిమిదేళ్లు ఆగలేదు. 1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్‌లోకి దిగింది. ఈ రెండు మంటలూ కలిసిపోయింది 1941 డిసెంబర్ 7 నుంచి 11 మధ్య. 7న జపాన్ పెర్ల్ హార్బర్‌ను కొట్టింది, 11న హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. పరీక్షలో మాత్రం 1939 అనే రాయండి. అక్కడ వాదనకు మార్కులుండవు.

అమెరికాను కొట్టింది జపాన్. మరి "ముందు జర్మనీ" అని ఎందుకు నిర్ణయించుకున్నారు?

ఆ ఆలోచన పెర్ల్ హార్బర్‌కు ముందే ఉంది. 1941 మొదట్లోనే బ్రిటిష్, అమెరికన్ అధికారులు వాషింగ్టన్‌లో గుట్టుగా కూర్చుని అనుకున్నారు. డిసెంబర్‌లో చర్చిల్ స్వయంగా వచ్చినప్పుడు అదే ఖాయమైంది.

లెక్క ఇలా ఉంది. జర్మనీకి టైమిస్తే అది బ్రిటన్‌నో, సోవియట్ యూనియన్‌నో పడగొట్టొచ్చు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు పడినా అమెరికాకు ఐరోపాలో కాలు పెట్టడమే గగనమైపోతుంది. జపాన్‌కి టైమిచ్చినా అమెరికాను పడగొట్టే సత్తా దానికి లేదు. జర్మనీ ఓడితే జపాన్ ఒంటరిదవుతుంది. జపాన్ ఓడినంత మాత్రాన జర్మనీకి పెద్దగా తేడా పడదు.

ఇక్కడ హిట్లర్ చేసిన సాయం తక్కువేం కాదు. పెర్ల్ హార్బర్ తర్వాత అమెరికా జనం కోపమంతా జపాన్ మీదే. ఆ వేడిలో "ముందు జర్మనీతో పోరాడదాం" అని రూజ్‌వెల్ట్ వాళ్లను ఒప్పించడానికి నానా తంటాలు పడాల్సి వచ్చేది. ఆ పని హిట్లరే నాలుగు రోజుల్లో చేసిపెట్టాడు.

ఆ మాట మీద నిలబడ్డారా?

కాగితం మీద నిలబడ్డారు. ఆచరణలో అంత కచ్చితంగా కాదు. 1942లో ఆస్ట్రేలియాకు దారి తెగిపోకుండా చూడటమే అర్జెంటు పని కావడంతో అమెరికా సైనికులు ముందుగా పెద్ద సంఖ్యలో వెళ్లింది పసిఫిక్‌కే. అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ కింగ్ మనసు మొదటి నుంచీ పసిఫిక్ మీదే. ఆస్ట్రేలియాలో కూర్చున్న అమెరికా జనరల్ మెకార్థర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1943 చివర్లో లెక్క చూస్తే జర్మనీ వైపూ జపాన్ వైపూ ఉన్న అమెరికా బలగాలు దాదాపు సమానం. ఐరోపా పళ్లెం బరువెక్కింది 1944లోనే.

అన్నిటికంటే దేనికి కొరత వచ్చింది? మనుషులకా, ఆయుధాలకా?

ఓడలకు. అందులోనూ ఒక రకం ఓడకు.

ముందు మామూలు సరుకు ఓడల సంగతి. 1942లో జర్మన్ సబ్‌మెరైన్లు, మిగతా దాడులు కలిసి ముంచిన మిత్రపక్ష ఓడలు 1,600కు పైనే. దానికి అమెరికా ఇచ్చిన జవాబు లిబర్టీ ఓడ. అందం చందం లేని, మెల్లగా నడిచే ఓడ. విడిభాగాల్ని వేరే చోట చేసి తెచ్చి, రేవెట్లు కొట్టకుండా వెల్డింగ్‌తో అతికించేవారు. మొత్తం 2,710 కట్టారు. వాటిలో ఒకదాన్ని 1942 నవంబర్‌లో నాలుగున్నర రోజుల చిల్లరలో నీళ్లలోకి దించారు. అది ప్రచారం కోసం చేసిన ఫీట్ అనుకోండి, కానీ మామూలు వేగం కూడా వారాల్లోనే ఉండేది. 1943 మే తర్వాత ముంచే వేగం కంటే కట్టే వేగం బాగా ముందుకు పోయింది.

అసలు తలనొప్పి ఎల్‌ఎస్‌టీ, అంటే ట్యాంకుల్ని ఒడ్డుకు దించే ఓడ. వంద మీటర్ల పొడవు, అడుగు భాగం చదును. నేరుగా ఇసుకలోకి వచ్చి ఆగుతుంది. ముక్కు దగ్గర రెండు తలుపులు పెద్దింటి గేటులా తెరుచుకుంటాయి, లోపలి నుంచి వాలుగా పలక దిగుతుంది, దాని మీదుగా ట్యాంకులు ఒకదాని వెనుక ఒకటి దొర్లుకుంటూ ఒడ్డెక్కుతాయి. రేవు అక్కర్లేదు, క్రేన్ అక్కర్లేదు. శత్రువు ఉన్న తీరంలో సైన్యాన్ని దించాలంటే ఇది లేకుండా కుదరదు. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న ఇండియానా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున ఎవాన్స్‌విల్‌లో కూడా వీటిని కట్టి, నదిలోనే సముద్రానికి తోలారు. అయినా చాల్లేదు.

ఎంత చాల్లేదంటే, 1943 నవంబర్‌లో కైరోలో చైనా అధినేత చియాంగ్ కై షేక్‌కు ఒక మాట ఇచ్చారు. అండమాన్ దీవుల్ని జపాన్ చేతుల్లోంచి తీసుకుంటామని. రెండు వారాలు తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆ ఓడలు ఐరోపాకు కావలసి వచ్చాయి. అండమాన్ 1942 మార్చి నుంచి 1945 దాకా జపాన్ కిందే ఉండిపోయింది. అక్కడి మనవాళ్లు పడ్డ నరకానికి ఇంగ్లిష్ ఛానెల్‌లో ఓడల లెక్క ఒక కారణమంటే నమ్మబుద్ధి కాదు, కానీ అంతే. ఐరోపాలో కూడా ఇదే తంతు. నార్మండీతో పాటే దక్షిణ ఫ్రాన్స్‌లో దిగాలన్నది మొదటి ప్లాన్. ఓడలు సరిపోక అది ఆగస్టు 15కి వాయిదా పడింది.

రెండు రంగాలూ నిజంగా ఒకేసారి నడిచాయనడానికి ఒక ఉదాహరణ చెప్పండి.

1944 జూన్ నెల చాలు.

జూన్ 4న రోమ్ మిత్రపక్షాల చేతికొచ్చింది. 6న నార్మండీలో ఒక్కరోజులో సుమారు 1,56,000 మంది దిగారు. తొమ్మిది రోజులు తిరిగేసరికి, 15న, పసిఫిక్‌లో సైపాన్ దీవి మీద ఇంకో దండు దిగింది. దాని వెనుక 500కు పైగా ఓడలు. నార్మండీకి వెళ్లినవాళ్లు ఇంగ్లిష్ ఛానెల్ దాటారు. సైపాన్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది హవాయి నుంచి 3,500 మైళ్లు వచ్చారు. ఆ ప్రయాణానికి ముందు మే 21న పెర్ల్ హార్బర్‌లో సరుకు ఎక్కిస్తుండగా పేలుడు జరిగి ఆరు ఎల్‌ఎస్‌టీలు మునిగాయి, 163 మంది పోయారు. అయినా దండు ఒక్కరోజు ఆలస్యంగా బయల్దేరి, అనుకున్న రోజుకే చేరింది.

జూన్ 19 మరీ విచిత్రం. ఆ రోజు నార్మండీలో తుఫాను వచ్చి, అమెరికన్లు ఒహామా తీరంలో కష్టపడి కట్టిన తాత్కాలిక రేవును విరగ్గొట్టేసింది. అదే రోజు ఫిలిప్పీన్ సముద్రంలో జపాన్ విమానాలు వందల్లో కూలిపోయాయి. 22న సోవియట్ సైన్యం బెలారస్‌లో తన అతిపెద్ద దాడి మొదలుపెట్టింది. అదే 22న, మణిపూర్‌లో, మూడు నెలలుగా మూసుకుపోయిన ఇంఫాల్–కోహిమా రోడ్డు తెరుచుకుంది. రోడ్డు మీద ఇంఫాల్ వైపు నుంచి వచ్చి కలిసినవాళ్లలో భారత 5వ డివిజన్ ఉంది. దాని కథ కిందికి వస్తుంది.

జపాన్, జర్మనీ కలిసి ప్లాన్ వేసుకోలేదా?

పేరుకు ఒప్పందాలు చాలా ఉన్నాయి. 1940 సెప్టెంబర్ 27న ఇటలీతో కలిపి మూడు దేశాల ఒడంబడిక. 1942 జనవరి 18న ఇంకో సైనిక ఒప్పందం చేసుకుని ప్రపంచాన్ని 70 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర గీత గీసి పంచుకున్నారు. పడమర జర్మనీ, ఇటలీలది, తూర్పు జపాన్‌ది. మ్యాప్ తీసి చూడండి, ఆ గీత గుజరాత్ మీదుగా పోతుంది. ద్వారక జర్మనీ వాటా, రాజ్‌కోట్ జపాన్ వాటా. తెలుగు నేల మొత్తం జపాన్ లెక్కలోనే.

గీత గీసుకున్నారు కానీ దాని దగ్గర చేతులు కలిపింది లేదు. జర్మనీ రష్యా మీద పడబోతున్నట్టు జపాన్‌తో సరిగ్గా చెప్పలేదు, పెర్ల్ హార్బర్ సంగతి జపాన్ జర్మనీకి చెప్పలేదు. మధ్యలో వేల మైళ్ల సముద్రం బ్రిటన్ చేతిలో. చివరికి వాళ్లకు మిగిలిన దారి సబ్‌మెరైన్లు. సుభాష్ చంద్రబోస్ వెళ్లింది ఆ దారినే. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో జర్మన్ యూ-180 ఎక్కి, ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర పోటెత్తిన సముద్రంలో రబ్బరు తెప్ప మీద జపాన్ ఐ-29లోకి మారారు. పక్కన ఉన్న ఒకే ఒక సహచరుడు మన హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్. జపాన్ వైపు నుంచి రెండు టన్నుల బంగారం కూడా అక్కడే జర్మన్ల చేతికి మారింది. రెండు మహాశక్తుల పొత్తు ఒక తెప్పలో పట్టేంత!

జపాన్ తూర్పు నుంచి రష్యాను కొట్టి ఉంటే?

ఈ ప్రశ్నకు చాలామంది ఊహాగానాలు చేస్తారు. జరిగింది మాత్రం చెప్తాను. 1939లో మంగోలియా సరిహద్దులో ఖల్ఖిన్ గోల్ దగ్గర సోవియట్ సేనాని జుకోవ్ చేతిలో జపాన్ గట్టి దెబ్బ తింది. 1941 ఏప్రిల్ 13న రష్యాతో తటస్థ ఒప్పందం చేసుకుంది. నూనె, రబ్బరు ఉన్నది దక్షిణాన కాబట్టి అటు తిరిగింది. ఆ సంగతి టోక్యోలో ఉన్న సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్గే మాస్కోకు చేరవేశాడు. సైబీరియా డివిజన్లు కొన్ని మాస్కోను కాపాడటానికి కదిలాయి.

నాకు ఎప్పటికీ వింతగా అనిపించేది ఇంకొకటి ఉంది. అమెరికా సోవియట్ యూనియన్‌కు పంపిన సాయంలో దాదాపు సగం బరువు వెళ్లింది పసిఫిక్ మీదుగా, జపాన్ కళ్లముందు నుంచే. సోవియట్ జెండా కట్టుకున్న ఓడల్లో, ఆయుధాలు కాకుండా తిండి, లారీలు, రైలు సామాన్లు వ్లాదివొస్తోక్‌కు చేరేవి. జర్మన్లతో పోరాడే సైన్యానికి రేషన్ అది. జపాన్ దాన్ని పోనిచ్చింది. రష్యాతో కొత్త తగాదా తెచ్చుకోవడం ఇష్టం లేక.

పసిఫిక్‌లో అంత దూరాలు ఎలా దాటారు?

ఊరినే వెంట తీసుకెళ్లి. దీవిని పట్టుకోవడం, విమానాల రన్‌వే వేయడం, అక్కడి నుంచి తర్వాతి దీవి. బలంగా ఉన్న దీవుల్ని వదిలేసి దాటిపోవడం. వాటికి సరుకు రాదు కాబట్టి వాటంతట అవే ఎండిపోతాయి. ఉలితి అనే పగడపు దీవుల మడుగులో అమెరికన్లు 1944 చివరికల్లా మరమ్మతు షెడ్లు, ఆసుపత్రులు, ఆయిల్ ట్యాంకర్లు అన్నీ నీళ్ల మీదే నిలబెట్టారు. కేవలం ఐస్‌క్రీం చేయడానికే ఒక కాంక్రీటు పడవ ఉండేది. అదే సమయంలో జపాన్ సైనికులు చాలా దీవుల్లో ఆకలితో చచ్చిపోతున్నారు. ఆ రంగం ఎటు మొగ్గుతోందో చెప్పడానికి ఆ పడవ ఒక్కటి చాలు.

ఎక్కువమంది చనిపోయింది ఎక్కడ?

అమెరికా సినిమాలు ఎక్కువ చూస్తే నార్మండీ, ఇవో జిమా అనిపిస్తుంది. కాదు. జర్మన్ సైన్యం నష్టాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు సోవియట్ రంగంలోనే. సోవియట్ యూనియన్ పోగొట్టుకున్నది సుమారు 2.7 కోట్ల మందిని. చైనాలో కోటిన్నర నుంచి రెండు కోట్లు అంటారు. లొంగిపోయిన రోజుకు కూడా జపాన్ సైనికులు పది లక్షల మంది చైనాలో ఇరుక్కుని ఉన్నారు. ఓడలు రెండు రంగాల్నీ కలిపాయని నేను చెప్తున్నా, శత్రువును నేల మీద పట్టి ఉంచింది ఈ రెండు దేశాల జనమే.

మన సైనికులు ఏ రంగంలో పోరాడారు?

రెండింటిలోనూ. 1945 నాటికి భారత సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు, సుమారు 87 వేల మంది చనిపోయారు. 5వ డివిజన్‌ను చూడండి. 1941లో ఎరిట్రియాలో కెరెన్ కొండల మీద ఇటలీ వాళ్లతో, 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్లతో పోరాడింది. 1943 చివర బర్మా సరిహద్దులో అరకాన్ చేరింది. 1944 మార్చిలో ఇంఫాల్ చుట్టూ ఉచ్చు బిగుస్తుంటే, మనుషులు, ఫిరంగులు, కంచరగాడిదలతో సహా విమానాలెక్కించి అక్కడ దించారు. 1945 సెప్టెంబర్‌లో సింగపూర్‌లో దిగింది. ఇద్దరు శత్రువులనూ చూసిన డివిజన్ ఇది.

హైదరాబాద్ పేరు రెండు చోట్లా మొదట్లోనే కనిపిస్తుంది. 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన తొలి బాంబు దాడిలో ముందు నడిచింది 110 స్క్వాడ్రన్. దాని పేరులో "హైదరాబాద్" ఉంది, మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం దానికి విమానాలు కొనిచ్చినందుకు. 1941 డిసెంబర్‌లో జపాన్ సైన్యం మలయాలోని కోట భారులో దిగింది పెర్ల్ హార్బర్ దాడికి సుమారు గంట ముందు. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నవాళ్లలో నిజాం సంస్థానపు 1వ హైదరాబాద్ పదాతి దళం ఉంది.

విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయంటారు. నిజమేనా?

నిజం. 1942 ఏప్రిల్ 6. బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు రెండు చోట్లా బాంబులు వేశాయి. ముందు రోజు కొలంబో, 9న ట్రింకోమలీ. ఆ కొద్ది రోజుల్లో మన తీరంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. మద్రాసులో టెన్షన్ ఎంతగా పెరిగిందంటే ప్రభుత్వ ఆఫీసులే లోపలి ఊళ్లకు తరలిపోయాయి, జూలో క్రూర జంతువుల్ని కాల్చి చంపేశారు. జనం బండ్లు కట్టుకుని పల్లెలకు పోయారు.

మరి వాళ్లు మళ్లీ ఎందుకు రాలేదు? ఇక్కడే రెండు సముద్రాల లెక్క కలుస్తుంది. ఆ వాహక నౌకలకు పసిఫిక్‌లో పని పడింది. ఆ ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోకి వచ్చిన అకాగి, హిర్యూ, సోర్యూ మూడూ రెండు నెలలకే జూన్‌లో మిడ్‌వే దగ్గర మునిగాయి. విశాఖ మీదికి విమానాలు పంపిన ర్యూజో ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అడుక్కి పోయింది. విశాఖను కాపాడిన యుద్ధం వేల మైళ్ల అవతల జరిగింది.

బర్మా పోవడం మనకెలా తగిలింది?

రంగం అంటే మనకు యుద్ధరంగం ఒక్కటే కాదు. రంగూన్‌ను మనవాళ్లు "రంగం" అనేవారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కూలికి, రేవు పనికి రంగం వెళ్లినవాళ్లు వేలకు వేలు. బర్మావాళ్లు వీళ్లను కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అని పిలిచారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి పోయింది. ఓడ టిక్కెట్ దొరకనివాళ్లు అరకాన్ దారిలోనో, మణిపూర్ కొండల మీదుగానో నడిచి వచ్చారు. లక్షల్లో బయల్దేరారు, వేలల్లో దారిలోనే పోయారు.

దాని వెనుకే బియ్యం. బర్మా బియ్యం ఆగిపోయింది. జపాన్‌కు దొరక్కూడదని బెంగాల్ తీరంలో ప్రభుత్వమే పడవల్ని లాక్కుని పాడుచేసింది. తుఫాను వచ్చింది, ధరలు ఎగబాకాయి. 1943 కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ధాన్యం పంపమని ఢిల్లీ అడిగిన ప్రతిసారీ లండన్ చెప్పిన జవాబు, ఓడలు లేవు. ఓడల కొరత నిజమే. కానీ ఆ కొరతలోనే ఎవరికి ఇవ్వాలో, ఎవరికి వద్దో ఎంచుకున్నారు కదా. నా లెక్కలో అది తప్పించుకోలేని పరిస్థితి కాదు, ఒక నిర్ణయం.

అణుబాంబు జర్మనీ మీద ఎందుకు వేయలేదు?

తయారయ్యేసరికి జర్మనీ లేదు. అది మే 8న లొంగిపోయింది, మొదటి పరీక్ష జులై 16న జరిగింది. మొదలుపెట్టిందే జర్మనీ ముందు చేసేస్తుందేమో అన్న భయంతో.

జర్మనీ లొంగాక ఐరోపాలోని సైనికులు ఇంటికెళ్లారా?

పాయింట్లు చూసుకుని. అమెరికా సైన్యం ఒక లెక్క పెట్టింది. సర్వీసులో నెలకు ఒక పాయింట్, విదేశంలో ఉన్న ప్రతి నెలకూ ఇంకొకటి, పతకానికి 5, పిల్లవాడికి 12 చొప్పున ముగ్గురి దాకా. 85 వస్తే ఇల్లు. రాకపోతే పసిఫిక్ ఓడ ఎక్కాల్సి రావొచ్చు. బ్యారక్‌లలో కాగితం పెన్సిల్ పట్టుకుని పిల్లల్ని లెక్కపెట్టుకున్న తండ్రులు ఎందరో.

సోవియట్ సైన్యానికి ఆ పాయింట్లు లేవు. జర్మనీ ఓడిన రెండు మూడు నెలల్లో జపాన్ మీదికి వస్తానని స్టాలిన్ యాల్టా సమావేశంలో అమెరికా, బ్రిటన్లకు మాటిచ్చాడు. ట్రాన్స్ సైబీరియన్ రైళ్లలో సైన్యాన్ని తూర్పుకు తోలి, మే 8కి సరిగ్గా మూడు నెలలకు, ఆగస్టు 8న యుద్ధం ప్రకటించాడు. మర్నాడు సుమారు 15 లక్షల మంది జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలోకి (ఈశాన్య చైనా) దిగారు. అదే రోజు నాగసాకి.

యుద్ధం ముగిసింది ఆగస్టు 15నా, సెప్టెంబర్ 2నా?

ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో చెప్పాడు. సెప్టెంబర్ 2న టోక్యో అఖాతంలో మిస్సోరి ఓడ మీద సంతకాలు పెట్టారు. ఆప్షన్లలో రెండూ ఇచ్చి "అధికారికంగా" అని అడిగితే సెప్టెంబర్ 2 పెట్టండి.